గోల్డెన్‌ఐ 007ని ఇప్పుడు మొదటిసారి ఆడటం ఎలా

1997 ఆగస్టులో నింటెండో 64 కన్సోల్ మీద వచ్చిన జేమ్స్ బాండ్ వీడియో గేమ్ గోల్డెన్‌ఐ 007ని ఈరోజు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది రెండు లెవల్స్ దాటకుండానే పక్కన పడేస్తారు. కంట్రోల్స్ వింతగా ఉంటాయి, బొమ్మ మసగ్గా ఉంటుంది, ఎటు వెళ్ళాలో చెప్పే బాణం గుర్తులేవీ ఉండవు. ఆట పాతబడిపోయిందనుకుంటారు. అసలు చిక్కు అది కాదు. ఇప్పటి షూటర్లు నేర్పిన అలవాట్లతో దీన్ని ఆడతారు: పరిగెత్తడం, కనపడినవాణ్ణల్లా కాల్చడం, దెబ్బ తగిలితే గోడ చాటున కూర్చుని హెల్త్ నిండేదాకా ఆగడం. ఇందులో పోయిన హెల్త్ తిరిగి రాదు. ఎంత చప్పుడు చేస్తే అంతమంది మీదికొస్తారు. లెవల్లో ఉన్నవాళ్ళందర్నీ చంపినా, అప్పగించిన పని మిగిలిపోతే మిషన్ ఫెయిలే.

అంటే ఇది గూఢచారి ఆట. తుపాకీ ఆ గూఢచారి చేతిలో ఉన్న పనిముట్లలో ఒకటి మాత్రమే. ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా ఒంటబడతాయి.

ఒకటి: దేనిమీద ఆడాలి

మూడు దారులున్నాయి. పాత నింటెండో 64, దాని క్యాట్రిడ్జ్. లేదా 2023 జనవరి 27న ఒకేరోజు వచ్చిన రెండు కొత్త రూపాలు: నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ కట్టినవాళ్ళకు ఒకటి, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌ల మీద గేమ్ పాస్‌లో ఇంకొకటి.

ఒక్కరే కూర్చుని ఆడాలంటే ఎక్స్‌బాక్స్‌కే నా ఓటు. బొమ్మ 4కేలో స్పష్టంగా వస్తుంది, రెండు స్టిక్‌ల ఆధునిక కంట్రోల్స్ అందులోనే ఉన్నాయి. దూరంలో ఉన్న స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మాత్రం స్విచ్ తప్ప దారి లేదు, ఎక్స్‌బాక్స్ రూపంలో ఆన్‌లైన్ పెట్టలేదు. మన దగ్గర దొరికే స్విచ్‌లు ఎక్కువగా దిగుమతి సరుకు. ఏ కన్సోల్ అయినా, డబ్బు కట్టేముందు మీ ఖాతా ఉన్న దేశపు స్టోర్‌లో ఈ గేమ్ కనపడుతుందో లేదో వెతికి చూసుకోండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనమామో పాత కన్సోల్ ఇచ్చి ఉంటే అదృష్టమే. సేవ్ క్యాట్రిడ్జ్‌లోనే అవుతుంది, వేరే మెమరీ కార్డు అక్కర్లేదు. రెండు చూసుకోవాలి. కంట్రోలర్ మధ్యలో ఉన్న స్టిక్ వాడకంతో వదులైపోతుంది, అది నిటారుగా నిలబడకపోతే ఎయిమ్ కుదరదు. రెండోది, యూరప్ క్యాట్రిడ్జ్ అమెరికా కన్సోల్లో నడవదు.

రెండు: కంట్రోల్స్ సరిచేసుకున్నాకే మొదలుపెట్టండి

పాత కంట్రోలర్‌కి స్టిక్ ఒక్కటే. అందుకే ఆటలో ఎనిమిది కంట్రోల్ పద్ధతులు పెట్టి, వాటికి బాండ్ సినిమాల్లోని ఆడపాత్రల పేర్లు తగిలించారు. మొదట ఉండేది 1.1 హనీ. స్టిక్‌తో ముందుకు, వెనక్కి నడుస్తారు, పక్కలకు తిరుగుతారు. పసుపు రంగు సీ బటన్లతో పక్కలకు జరుగుతారు, పైకీ కిందకీ చూస్తారు. ఇప్పటివాళ్ళకి చేయి తిరగనిది ఇక్కడే.

1.2 సాలిటైర్‌కి మారండి. అందులో స్టిక్ చూపుకి, సీ బటన్లు నడకకి. ఇప్పటి పద్ధతికి ఇదే దగ్గర. స్విచ్‌లో ఆడేవాళ్ళు ఇంకో అడుగు వేయాలి. ఆటలో 1.2 ఎంచుకున్నాక, కన్సోల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కంట్రోలర్ బటన్లు మార్చుకునే చోట ఎడమ స్టిక్‌నీ కుడి స్టిక్‌నీ తారుమారు చేయండి. అలాగే జెడ్‌ఎల్‌నీ జెడ్‌ఆర్‌నీ, ఎల్‌నీ ఆర్‌నీ మార్చేయండి. ఇప్పుడు ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు, కుడి ట్రిగ్గర్‌తో కాల్పు. మిగతా గేమ్స్ ఆడేముందు వీటిని మళ్ళీ యథాస్థితికి తెచ్చుకోవాలి కాబట్టి ఈ అమరికను ప్రీసెట్‌గా దాచుకోండి.

పాత కన్సోల్ మీద రెండు కంట్రోలర్లు ఉన్నవాళ్ళకి ఇంకో సరదా ఉంది. 2.1 నుంచి 2.4 వరకు ఉన్న పద్ధతుల్లో ఒక్కరే రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుని, రెండు స్టిక్‌లతో ఆడొచ్చు. 1997లోనే ఆ ఆలోచన చేశారు.

ఆర్ బటన్ నొక్కి పట్టుకుంటే తెరమీద గురి గుర్తు విడిగా కదులుతుంది. తలకి కొడితే మామూలు గార్డు త్వరగా పడిపోతాడు. గురిని శత్రువు మీదికి తనంతట తానే తిప్పే ఆటో ఎయిమ్ అనే సాయం కూడా ఉంది, మొదట్లో దాన్ని ఉంచుకోండి. దూరంగా ఉన్నవాడి తలకి మాత్రం ఆర్ పట్టుకునే కొట్టాలి. బీ బటన్ తలుపులు తెరుస్తుంది, తూటాలు నింపుతుంది. ఏ బటన్ ఆయుధం మారుస్తుంది. స్టార్ట్ నొక్కితే బాండ్ చేతి గడియారం పైకి లేస్తుంది. ఎడమ వైపు నారింజ గీతలు హెల్త్, కుడి వైపు నీలం గీతలు ఆర్మర్, అంటే దెబ్బలు కాచే కవచం. అప్పగించిన పనుల జాబితా కూడా ఆ గడియారంలోనే ఉంటుంది. ప్రతి లెవల్ మొదట్లో దాన్ని తెరిచి చదవండి. ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటిస్తానంటే, ఇది పాటించండి.

మూడు: డ్యామ్

మొదటి లెవల్ ఆర్ఖాంగెల్స్క్‌లోని డ్యామ్. కష్టాన్నిబట్టి ఆటలో మొదట మూడు స్థాయిలుంటాయి: ఏజెంట్, సీక్రెట్ ఏజెంట్, 00 ఏజెంట్. దీన్ని ముందు అన్నిటికన్నా తేలికైన ఏజెంట్ స్థాయిలో ఆడండి. ఇచ్చిన పని ఒక్కటే: డ్యామ్ మీదున్న ప్లాట్‌ఫామ్ నుంచి కిందికి దూకడం. కావాలంటే నేరుగా పరిగెత్తి దూకేయొచ్చు. కానీ తొందరపడొద్దు, మిగతా ఆటకి కావాల్సిన అలవాట్లన్నీ ఈ లెవల్లోనే పట్టుబడతాయి.

చేతిలో సైలెన్సర్ ఉన్న పీపీ7 పిస్టల్ ఉంటుంది. మొదటి గార్డుని దాంతో కొట్టగానే వాడి కేఎఫ్7 సోవియట్ రైఫిల్ మీకు దొరుకుతుంది. దొరికిందే తడవుగా అందరూ దాన్నే పట్టుకుంటారు. ఆగండి. పీపీ7 చప్పుడు దగ్గరివాళ్ళకి తప్ప వినపడదు. కేఎఫ్7 చప్పుడు చాలా దూరం పోతుంది, ఆగకుండా పేల్చేకొద్దీ ఇంకా దూరం పోతుంది. గోడ అవతల గార్డులు అలా పరిగెత్తుకొస్తారు. ఒక్కొక్కణ్ణి పీపీ7తో తీసేయండి, నలుగురు ఒకేసారి మీదపడినప్పుడే రైఫిల్ తీయండి. వెనకనుంచి నిశ్శబ్దంగా వెళ్ళగలిగితే ఉత్త చేత్తో కొట్టినా చాలు.

మొదట్లోనే కనపడే కాపలా బురుజు ఎక్కితే స్నైపర్ రైఫిల్ ఉంటుంది. దాని దుర్భిణిలోంచి నీళ్ళ అవతల చూస్తే చిన్న దీవి మీద ఒక కట్టడం కనపడుతుంది. అక్కడికి పడవ ఎక్కడ దొరుకుతుందా అని ఇరవై ఏళ్ళకు పైగా జనం వెతుకుతున్నారు. తయారీలో మధ్యలో వదిలేసిన భాగం అది. పడవ లేదు, వెతకొద్దు.

గోడలకి ఉండే అలారం పెట్టెల్ని చూడగానే కాల్చి పాడుచేయండి. మిమ్మల్ని చూసిన గార్డు కొన్నిసార్లు కాల్పులు మానేసి అలారం వైపు పరిగెత్తుతాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా ముందు వాణ్ణే కొట్టండి. అలారం మోగితే కొత్తగా గార్డులు వస్తూనే ఉంటారు, మీ దగ్గర తూటాలు అయిపోతాయి.

తర్వాత ఇదే లెవల్ సీక్రెట్ ఏజెంట్‌లో ఆడండి. ఈసారి అలారాలన్నీ పాడుచేశాకే దూకాలి. ఆపైన 00 ఏజెంట్. దొంగ మోడెమ్ ఒకటి అమర్చాలి, డ్యామ్ లోపలికి నిచ్చెనలు దిగి డేటా బ్యాకప్‌ని మధ్యలో పట్టుకోవాలి. మోడెమ్‌ని ఆయుధంలాగే ఎంచుకుని, సరైన తెరమీదికి విసరాలి. పక్క గోడకి అతుక్కుందా, ఆ పని చెడినట్టే, తిరిగి తీసుకోవడం కుదరదు. పనులు మిగిలుండగా దూకితే దూకుడు చక్కగానే ఉంటుంది, మిషన్ మాత్రం ఫెయిల్.

నాలుగు: ఫెసిలిటీ

ఈ ఆటలో అందరికీ గుర్తుండిపోయే లెవల్ ఇదే. గాలి గొట్టంలోంచి పాకుతూ వచ్చి బాత్‌రూమ్‌లోకి దిగుతారు. కింద గార్డులుంటారు, పీపీ7తో పైనుంచే మొదలుపెట్టండి.

లోపలికి వెళ్ళాక ఏ పనీ లేని గదులు, ఎటూ పోని వరండాలు చాలా కనపడతాయి. దారి తప్పామేమో అనిపిస్తుంది. దానికో కారణం ఉంది. ఇంగ్లండ్‌లోని రేర్ సంస్థలో మార్టిన్ హోలిస్ నాయకత్వంలో చిన్న బృందం ఈ ఆటను తయారుచేసింది. 1995లో వచ్చిన గోల్డెన్‌ఐ సినిమా సెట్లకు వెళ్ళి ఫోటోలు తెచ్చుకుని, ముందు ఆ స్థలాల్ని కట్టారు. ఎక్కడ మొదలవ్వాలి, ఏం పని చేయాలి అన్నవి తర్వాత ఆలోచించారు. అందుకే ఇవి ఆటగాడి కోసం గీసిన దారుల్లా ఉండవు, నిజం భవనాల్లా ఉంటాయి. ఖాళీ గది కనపడితే అందులో ఏదో దాచారని గోడలు తడుముతూ కూర్చోకండి. గడియారం తెరిచి పనుల జాబితా చూసుకుని ముందుకు కదలండి.

తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్తలు చేతులెత్తేస్తారు, వాళ్ళ జోలికి పోకూడదు. ఎక్కువమంది చనిపోతే మిషన్ పోతుంది. పై స్థాయిల్లో వాళ్ళలోనే ఒకడు మనవాడు, డాక్టర్ డోక్. ఆట తయారుచేసినవాళ్ళలో ఒకరైన డేవిడ్ డోక్ పేరే పెట్టారు. తలుపు తెరిచే డీకోడర్ ఆయన దగ్గర ఉంటుంది. చిక్కేమిటంటే ఆయన ఆడిన ప్రతిసారీ ఒకేచోట ఉండడు. తెల్లకోటు కనపడగానే కాల్చే అలవాటు ఉంటే ఇక్కడ దొరికిపోతారు.

చివరి గదిలో పెద్ద పెద్ద ట్యాంకులు, వాటి మధ్య బాండ్ తోటి గూఢచారి 006 ట్రెవెల్యన్. ఆయన్ను కలిసి మాట్లాడాక ట్యాంకులకు రిమోట్ మైన్లు విసురుతూ పోండి. అన్నీ పెట్టి కాస్త దూరం జరిగాక ఏ, బీ రెండూ ఒకేసారి నొక్కితే పేలిపోతాయి. ఆయుధం మార్చుకునే పని లేదు. ఈ కిటుకు చివరిదాకా పనికొస్తుంది.

ఐదు: మూడుసార్లు ఎక్కే మెట్లు

అసలు కథలో 18 లెవల్స్, పైన రెండు బోనస్. అన్నీ సీక్రెట్ ఏజెంట్‌లో పూర్తిచేస్తే అజ్టెక్ లెవల్, 00 ఏజెంట్‌లో పూర్తిచేస్తే ఈజిప్షియన్ లెవల్ తెరుచుకుంటాయి. ఇరవయ్యీ 00 ఏజెంట్‌లో ముగిస్తే 007 స్థాయి వస్తుంది. శత్రువుల బలం, గురి, దెబ్బ తీవ్రత అన్నీ అందులో మీరే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

చాలామంది ఏజెంట్‌లో మొత్తం ముగించి, తర్వాత రెండోసారి మొదలుపెడతారు. నా సలహా వేరు. ఒకే ప్రాంతంలో జరిగే లెవల్స్ గుంపుని కూడా ఆటలో మిషన్ అంటారు. అలాంటి ఒక మిషన్‌లోని లెవల్స్ ఏజెంట్‌లో అయ్యాక, జ్ఞాపకం తాజాగా ఉండగానే వాటినే సీక్రెట్ ఏజెంట్‌లో ఆడండి. ఏ మూల ఎవడు నిలబడతాడో అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి కొత్తగా కలిసిన పనులమీద మనసు పెట్టొచ్చు. 00 ఏజెంట్‌ని మాత్రం చివరికి ఉంచుకోండి. కష్టం పెరిగేకొద్దీ ఆర్మర్ దొరకడం తగ్గిపోతుంది, దెబ్బలు గట్టిగా తగులుతాయి. చేయి బాగా తిరిగాకే అది ఆడబుద్ధేస్తుంది.

ఆరు: ఆగిపోయే చోట్లు

ఆట మిమ్మల్ని ఎక్కువగా ఆపేది తుపాకీ పేల్చకూడని చోటే. సెవెర్నాయాలోని మొదటి బంకర్‌లో కంప్యూటర్ పని చేయించాల్సింది బోరిస్ అనే ప్రోగ్రామర్‌తో. వాడి మీదికి తుపాకీ ఎక్కుపెట్టి, వాడి వెంట నడవాలి. కాలిస్తే పని చెడుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని విగ్రహాల పార్కులో నేరముఠా నాయకుడు జానస్‌ని కలిసేటప్పుడు చేతిలో ఏమీ ఉండకూడదు. ఆయుధాల వరసలో ఉత్త చేతులు వచ్చేదాకా మార్చుకుని నిలబడండి. తుపాకీతో వెళ్ళి, మాట్లాడటానికి ఎవరూ రావట్లేదేమని తిరిగేవాళ్ళు చాలామంది.

ట్రెయిన్ లెవల్ చివరి బోగీలో శత్రు జనరల్ ఔరుమోవ్, బాండ్‌కి సాయపడే ప్రోగ్రామర్ నటాల్యాను పట్టుకుని ఉంటాడు. గురి ముందే ఆర్ బటన్‌తో సిద్ధం చేసుకోండి, అక్కడ తడబడటానికి సమయం ఉండదు. వాడు పడిపోయాక రైలు పేలేలోపు గడియారంలోని లేజర్‌తో నేలమీది మూత కోసుకుని బయటపడాలి. పై స్థాయిల్లో నటాల్యా కంప్యూటర్ పని ముగిసేదాకా కూడా ఆగాలి. మీరు మూత కోస్తూ ఉండండి, ఆమె పని ఆమె చేసుకుంటుంది.

క్యూబాలోని కంట్రోల్ లెవల్ అన్నిటికన్నా విసిగిస్తుంది. నటాల్యా కంప్యూటర్ దగ్గర కూర్చున్నంతసేపూ ఆమెను కాపాడాలి, ఆమె చనిపోతే మొదటికి రావాలి. ఆమెను పని మొదలుపెట్టనిచ్చే ముందే చుట్టుపక్కల గదులన్నీ తిరిగి గార్డుల్ని ఖాళీ చేసేయండి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా, మూడుసార్లు మళ్ళీ ఆడేకన్నా నయం.

రన్‌వే, డిపో లాంటివి పెద్దగా ఇబ్బంది పెట్టవు. రన్‌వేలో ట్యాంకు ఎక్కి నడపొచ్చు, ఎక్కండి.

ఏడు: టైమ్ కొట్టి చీట్స్ తెరవడం

ప్రతి లెవల్‌కీ ఒక టార్గెట్ టైమ్ ఉంది. చెప్పిన స్థాయిలో ఆలోపు ముగిస్తే ఆట తీరుని మార్చే ఒక చీట్ తెరుచుకుంటుంది. చీట్ పెట్టుకుని ఆడిన లెవల్ మీ ప్రగతిలోకి రాదు, అవి సరదాకే.

మొదట రన్‌వే తీసుకోండి. ఏజెంట్‌లో 5 నిమిషాలు ఇచ్చారు, తాపీగా ఆడినా సరిపోతుంది. అందరి తలకాయలూ పెద్దవైపోయే డీకే మోడ్ వస్తుంది. డ్యామ్ సీక్రెట్ ఏజెంట్‌లో 2:40కి తూటా తగిలినచోట రంగు మరకలు పడే పెయింట్‌బాల్ మోడ్. ఆపైన సైలో, ఏజెంట్‌లో 3:00కి వేగం పెంచే టర్బో మోడ్.

అందరూ కలలుగనేది ఫెసిలిటీ చీట్. 00 ఏజెంట్‌లో 2:05లోపు ముగిస్తే దెబ్బ తగలని ఇన్విన్సిబిలిటీ మీది. డాక్టర్ డోక్ దగ్గర్లో దొరక్కపోతే ఎంత బాగా ఆడినా కుదరదు. వెళ్ళే దారిలో ఆయన లేడని తెలిసిన క్షణమే ఆపి మళ్ళీ మొదలుపెట్టండి, సగం దూరం ఆశతో పరిగెత్తడం దండగ. వేగానికి రెండు కిటుకులు. ముందుకీ పక్కకీ ఒకేసారి నొక్కి ఐమూలగా పరిగెత్తితే నేరుగా వెళ్ళినదానికన్నా వేగం ఎక్కువ. పాత కన్సోల్ మీదైతే నేలవైపు చూస్తూ పరిగెత్తండి. తెరమీద గీయాల్సిన బొమ్మ తగ్గి ఆట చురుగ్గా కదులుతుంది.

ఎనిమిది: నలుగురూ ఒకే టీవీ ముందు

నలుగురు కలిసి ఆడే భాగాన్ని తయారీ చివరి నెలల్లో స్టీవ్ ఎల్లిస్ చేర్చాడు. జనానికి ఎక్కువ గుర్తున్నది అదే కావడం విచిత్రం. తెర నాలుగు ముక్కలవుతుంది కాబట్టి వీలైనంత పెద్ద టీవీ చూసుకోండి. పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్ చూసినట్టు ఎదుటివాడి ముక్కలోకి చూడటం అందరూ చేస్తారు, దాన్ని ఆపలేరు. గొడవెందుకు, అనుమతించేయండి.

మొదలుపెట్టే ముందు ఒక ఒప్పందం మాత్రం తప్పనిసరి: ఆడ్‌జాబ్ పాత్రను ఎవరూ తీసుకోకూడదు. పొట్టివాడు కావడంతో ఆటో ఎయిమ్‌తో పేల్చిన తూటాలు తలమీదుగా పోతాయి. కొత్తగా వచ్చినవాడికి చేయూతగా ఇస్తే మటుకు అభ్యంతరం లేదు.

కొత్తవాళ్ళుంటే కాంప్లెక్స్ మ్యాప్, పిస్టల్స్‌తో మొదలెట్టండి. దారులు అర్థమయ్యాక లైసెన్స్ టు కిల్ మోడ్ పెట్టండి. ఒక్క దెబ్బకే చావు కాబట్టి నైపుణ్యంలో తేడా చాలావరకు పూడిపోతుంది. దానికే స్లాపర్స్ ఓన్లీ కలిపితే అందరూ ఉత్త చేతులతో ఒకరి వెంట ఒకరు పరిగెత్తడమే, గేమ్స్ ఎప్పుడూ ముట్టనివాళ్ళు కూడా ఇందులో గెలుస్తారు. రాత్రి బాగా ముదిరాక ఫెసిలిటీలో, ఎవరైనా దగ్గరికొస్తే పేలే ప్రాక్సిమిటీ మైన్లు. తలుపు వెనక, మెట్ల మలుపులో, ఆర్మర్ దొరికే చోట పెట్టండి. ఎక్కడ పెట్టారో మీరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ మైన్లకి సొంత యజమాని, పరాయివాడు అన్న తేడా లేదు.